మిర్చి రేట్ల సైటులో ఒకే ఒక్క ప్రశ్న: ప్రాజెక్టు డైరీ

జనవరి, పండగ ముందు

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టు వాళ్లకి రోజువారీ రేట్లు చూపించే చిన్న సైటు ఉంది. దాన్ని బాగుచేసే పని ఈ సీజన్‌లో నా చేతికొచ్చింది. కొట్టు యజమాని మా నాన్నకి పాత స్నేహితుడు, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయన తనకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పారు: "సైటు చూసేవాళ్లకి ఏం కావాలో నాకు తెలియాలమ్మాయ్. పాప్-అప్ పెట్టి అడుగు."

పాప్-అప్ ఇప్పటికే ఉంది. ఇంతకుముందు సైటు చేసినవాళ్లు ఒక రెడీమేడ్ సర్వే తెచ్చి అతికించారు. పేజీ తెరుచుకోగానే, రేటు కనపడేలోపే, స్క్రీను మొత్తం కప్పేస్తుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వయసు, ఎన్ని ఎకరాలు, ఎన్ని బస్తాలు, ఈ సైటు గురించి ఎలా తెలిసింది, మా సేవకి అయిదింట్లో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు... రేటు ఇంకా చూడనే చూడని మనిషి నక్షత్రాలు ఎలా ఇస్తాడు? కింద పెద్ద ఆకుపచ్చ బటను మీద "పంపండి" అని ఉంది. దాని కింద కనీకనపడని బూడిదరంగు అక్షరాల్లో "నాకు మంచి రేటు అక్కర్లేదు" అని ఉంది. సర్వే వద్దనుకున్నవాళ్లు నొక్కాల్సింది దాన్నే.

ఆ మాట చదివితే నాకు ఒళ్లు మండింది. నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా నెలల తరబడి కష్టపడి, కూలీలకి అప్పు తెచ్చి, కాయ ఎండబెట్టి తెచ్చిన రైతు చేత "నాకు మంచి రేటు అక్కర్లేదు" అని నొక్కించడమా? వద్దు అనేవాణ్ణి ఇలా చిన్నబుచ్చి ఒప్పించే పద్ధతి మన దేశంలో కుదరదు కూడా. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ పాటర్న్‌ల మీద, అంటే వాడేవాళ్లని మాయచేసి ఒప్పించే డిజైను ఎత్తుల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న 13 రకాల్లో ఇదీ ఒకటి. విసుగొచ్చేలా మళ్లీ మళ్లీ అడగడం ఇంకొకటి. మిగతా పని సంగతి తర్వాత, ఆ బటను మాత్రం అదే సాయంత్రం తీసేశాను.

పండగ తర్వాత, యార్డులో

ఎవరికోసం చేస్తున్నామో చూడకుండా డిజైను గీయడం నాకు ఇష్టం ఉండదు. అందుకని కొట్టు గుమాస్తా గారితో కలిసి పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్లాను. లారీలు దిగుతున్నాయి. ముక్కుకి కండువా కట్టుకోకపోతే తుమ్ములు ఆగవు. బస్తాల మీద కూర్చున్న ఒక పెద్దాయన ఫోనులో మన సైటే తెరిచాడు. పాప్-అప్ వచ్చింది. మూసే గుర్తు కుడి మూల చీమంత ఉంది. ఆయన బొటనవేలు దాని మీద పడలేదు, పక్కనున్న పేరు గడిలో పడింది. కీబోర్డు పైకి లేచి సగం స్క్రీను తినేసింది. ఆయన ఫోను కింద ఉండే వెనక్కి బటను నొక్కాడు, కీబోర్డు దిగింది. మళ్లీ నొక్కాడు. ఈసారి సైటే మూసుకుపోయింది. ఇంకోసారి తెరిచాడు, మళ్లీ అదే పాప్-అప్. ఫోను జేబులో పెట్టేసి పక్క బస్తా మీదున్నాయన్ని తేజ రకం మిర్చి రేటు అడిగాడు, "తేజ ఎంత పోతందంట?"

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఒకప్పుడు పాప్-అప్ అంటే వేరే కిటికీ తెరుచుకునేది. దాన్ని బ్రౌజర్లు ఏనాడో అడ్డుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పటి పాప్-అప్ పేజీలోనే ఒక పొర. బ్రౌజరుకి అది వేరే వస్తువని తెలియదు, కాబట్టి అడ్డుకోదు. వెనక్కి నొక్కితే పొర పోదు, పేజీ పోతుంది. మనవాళ్లలో ఎక్కువమంది ఏదైనా మూయాలంటే నొక్కేది వెనక్కి బటనే.

ఇదంతా బాబాయ్ గారికి చెప్తే తలూపారు గానీ, ఆయన్ని నిజంగా కదిలించింది వేరే ముక్క. ఫోనులో వెతికినప్పుడు, అసలు విషయాన్ని కప్పేసే పాప్-అప్ ఉన్న పేజీలని గూగుల్ 2017 జనవరి నుంచి కిందకి నెడుతుంది. "అంటే మన సైటు వెనక్కి పోతందా?" అన్నారు. పోవచ్చు అన్నాను. పాత పాప్-అప్ తీసెయ్యడానికి అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

జనవరి చివర: కుకీల జాబితా

ఇవాళ సైటు తెరిచి, డెవలపర్ టూల్స్‌లో ఏ కుకీలు, అంటే సైట్లు మన బ్రౌజర్లో దాచిపెట్టే చిన్న చీటీలు, పడుతున్నాయో ఒక్కొక్కటిగా చూశాను. సగానికి పైగా మన సైటువి కావు. సర్వే టూల్ వాళ్లవి కొన్ని, వాళ్లు పిలుచుకొచ్చిన ప్రకటనల వాళ్లవి ఇంకొన్ని. సైటుకి వచ్చినవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ మామూలుగా పెట్టే కుకీ గడువు రెండేళ్లు. ప్రకటనల కోసం చూసినవాళ్లని గుర్తుపెట్టుకునే ఫేస్‌బుక్ పిక్సెల్‌ది 90 రోజులు. ఈ బ్రౌజరు మళ్లీ వచ్చిందని ఇవన్నీ చెప్పగలవు. కానీ ఆ మనిషి దగ్గరున్నది ఏ కాయ అన్న ఒక్క సంగతి వీటిలో దేనికీ తెలియదు. మనకి కావాల్సింది అదొక్కటే.

కుకీ పుట్టింది ఇలా వెంటపడటానికి కాదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మోంటుల్లి దాన్ని తయారుచేశాడు. ఆన్‌లైన్ దుకాణం కట్టిస్తున్న ఒక ఖాతాదారుకి, కొనేవాళ్లు బుట్టలో వేసుకున్న సరుకు వివరం తన సర్వర్లో దాచుకోవడం ఇష్టం లేదు. అయితే ఆ వివరం కొనేవాడి కంప్యూటర్లోనే ఉండనిద్దాం, పేజీ అడిగినప్పుడల్లా అదే పంపుతుంది అన్నది ఆలోచన. అంటే జ్ఞాపకం మనిషి దగ్గరే ఉండాలి, దుకాణం దగ్గర కాదు. ఇది నాకు చాలా నచ్చింది. ఈ ప్రాజెక్టులో దీన్నే పట్టుకుని నడవాలని రాసిపెట్టుకున్నాను.

బయటివాళ్ల కుకీలు ఎలాగూ పోతాయి కదా, ఆగితే సరిపోదా అని గుమాస్తా గారి అబ్బాయి అడిగాడు, బీటెక్ చదువుతున్నాడు. ఆగితే సరిపోదు. సఫారీ 2020 మార్చి నుంచి వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలని ఆ సైటు డబ్బాలోనే బంధిస్తోంది. క్రోమ్ కూడా తీసేస్తుందని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది, 2024 జులైలో ఆ ఆలోచన మార్చుకుంది. మన రైతుల చేతుల్లో ఉండేవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటిలో క్రోమే. కాబట్టి తీసేవాళ్లం మనమే. సర్వే టూల్, పిక్సెల్, అనలిటిక్స్ మూడూ తీసేశాను. పేజీ తేలికపడింది. యార్డులో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండేచోట కూడా రేట్ల పట్టిక ముందుకన్నా త్వరగా వస్తోంది.

ఫిబ్రవరి: ఏం అడగాలి

కొట్టుకి సరుకు రాగానే గుమాస్తా గారు మొట్టమొదట అడిగేది "ఏం కాయ తెచ్చావయ్యా?" అని. వయసు అడగరు, ఫోన్ నంబరు అడగరు. జవాబుని బట్టి ఆ రకం కొనేవాళ్లకి మచ్చు చూపిస్తారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్తే రైతుకి వెంటనే పని జరుగుతుంది. సర్వే ప్రశ్న కూడా అలాంటిదే అయ్యుండాలి. జవాబు ఇచ్చిన మరుక్షణం ఆ మనిషి పేజీలో ఏదో ఒకటి మారాలి. మారకపోతే ఆ ప్రశ్న మన కోసం అడుగుతున్నట్టే, ఆయన కోసం కాదు.

ఈ కొలతతో పాత ప్రశ్నలు వరసగా చూశాం. వయసు తెలిస్తే పేజీలో ఏం మారుతుంది? ఏమీ మారదు, తీసేశాం. ఎకరాలు, ఊరు, నక్షత్రాలు కూడా అంతే. చివరికి మిగిలింది ఒక్కటే: "మీ దగ్గరున్నది ఏ కాయ?" కింద తేజ, బాడిగ, 334, 341, నంబర్ 5, వేరే రకం. వాటి పక్కనే అంతే సైజులో, అంతే స్పష్టంగా "వద్దు". నొక్కగానే ఆ రకం రేటు పట్టికలో మొదటికొస్తుంది.

ఇది ఎప్పుడు రావాలన్నదాని మీద బాబాయ్ గారితో కాస్త వాదన జరిగింది. పేజీ తెరవగానే వస్తే అందరూ చూస్తారు కదా అంటారాయన. చూస్తారు, విసుక్కుంటారు కూడా. మనిషి వచ్చిన పని ముందు అయిపోవాలి. పట్టిక దాటి కిందకి జరిపినప్పుడు మాత్రమే స్క్రీను అడుగున ఒక పట్టీలా పైకొస్తుంది. రేట్లు కప్పదు. వెనక్కి నొక్కితే మామూలుగానే వెనక్కి వెళ్తుంది.

తెలుగులో బటన్లు చేసేవాళ్ల కోసం ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలకి సరిపెట్టిన ఎత్తులో "మిర్చి" అని రాస్తే కింద చ వత్తు తెగిపోతుంది. "క్వింటాలు"లో వ వత్తుదీ అదే గతి. లైను ఎత్తు 1.2 ఉన్నదాన్ని 1.6 చేశాను, బటనుకి స్థిరమైన ఎత్తు తీసేసి కనీసం 48 పిక్సెళ్లు పెట్టాను. ఆ పెద్దాయన బొటనవేలికి ఇప్పుడు ఇబ్బంది ఉండదు.

ఫిబ్రవరి: జవాబు ఎక్కడ దాచాలి

ఫోనులోనే, కుకీగా. బ్రౌజర్లో ఉండే లోకల్ స్టోరేజ్ వాడొచ్చు గానీ అది సర్వర్‌కి కనపడదు. ముందు మామూలు పట్టిక వచ్చి, తర్వాత స్క్రిప్టు నడిచి, అప్పుడు వరస మారుతుంది. నెమ్మది నెట్‌లో చూసేవాడికి రేట్లు కళ్ల ముందే గెంతినట్టు ఉంటుంది. కుకీ అయితే పేజీ అడిగేటప్పుడే సర్వర్‌కి అందుతుంది, పట్టిక మొదటే సరైన వరసలో వస్తుంది.

కుకీని స్క్రిప్టుతో కాకుండా సర్వర్ చేతే పెట్టించాను. స్క్రిప్టు పెట్టిన కుకీకి సఫారీ 2019 నుంచి ఏడు రోజుల గడువే ఇస్తోంది. వారం పాటు సైటు తెరవని ఐఫోన్ మనిషిని మళ్లీ మొదట్నుంచి అడగాల్సొస్తుంది. గడువు 180 రోజులు, అంటే 1,55,52,000 సెకన్లు. ఒక సీజన్‌కి అది చాలు. క్రోమ్ 400 రోజుల దాకా ఒప్పుకుంటుంది కానీ వచ్చే ఏడు ఆ రైతు వేరే విత్తనం వెయ్యొచ్చు, పాత జవాబు ఎందుకు మోయాలి?

కుకీలో ఏం రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. తెలుగు అక్షరాలు కుకీలో నేరుగా పట్టవు, సంకేతాల్లోకి మార్చాలి. "బాడిగ" అన్న పదంలో యూనికోడ్ లెక్కన అయిదు గుర్తులున్నాయి. ఒక్కోటి మూడు బైట్లు, సంకేతంగా మారిస్తే ఒక్కోటి తొమ్మిది అక్షరాలు. మొత్తం 45. ఒక్కో కుకీకి కనీసం 4096 బైట్ల చోటు ఉండాలని 2011 నాటి ప్రమాణం చెబుతుంది కాబట్టి చోటుకి ఇబ్బంది లేదు. కానీ ప్రతి అభ్యర్థనతోపాటు దాన్ని పంపడం అనవసరం. అందుకని అంకెలు పెట్టాను. 1 తేజ, 2 బాడిగ, అలా 6 దాకా. "వద్దు" అంటే 0. వద్దన్న సంగతి కూడా గుర్తుండాలి, లేకపోతే ప్రతిసారీ అడుగుతూనే ఉంటాం. ఈ కుకీలో ఆ ఒక్క అంకె తప్ప మనిషిని గుర్తుపట్టే సంఖ్య ఏదీ లేదు. తేజ అని నొక్కినవాళ్లందరి ఫోనుల్లోనూ ఉండేది ఒకటే 1.

టెస్టింగ్‌లో ఒకటి బయటపడింది. మధ్యలో ఉన్న క్యాష్, అంటే తయారైన పేజీని దాచి మళ్లీ ఇచ్చే చోటు, ఒకరికి తయారైన పేజీని ఇంకొకరికి ఇచ్చేస్తోంది. 334 అడిగిన ఫోనుకి బాడిగ మొదటున్న పేజీ వస్తోంది. రేట్ల పేజీని ఉమ్మడి క్యాష్‌లో దాచొద్దని పేజీతోపాటు వెళ్లే హెడర్‌లో చెప్పాక సర్దుకుంది.

ఫిబ్రవరి: ఒక ఫోను, ముగ్గురు మనుషులు

ఈసారి యార్డులో చూసిన దృశ్యం డిజైనునే మార్చేసింది. ఒకే ఊరి నుంచి ఒకే లారీలో సరుకు తెచ్చుకున్న ముగ్గురు ఒకే ఫోను చుట్టూ మూగారు. ఫోను కుర్రాడిది, వాళ్లది తేజ. మిగతా ఇద్దరిలో ఒకరిది 341, ఇంకొకరిది బాడిగ. మనం గనక ఎంచుకున్న రకాన్ని ఒక్కదాన్నే చూపించి మిగతావి దాచేస్తే, ఆ ఇద్దరికీ సైటు పనికిరాదు. ఇళ్లల్లో కూడా ఇంతే, నాన్న రేటు చూసేది కొడుకు ఫోనులో.

అందుకే దాచడం లేదు, వరస మాత్రమే మారుస్తున్నాం. ఎంచుకున్నది పైన, మిగతావన్నీ దాని కింద. ఎవరి ఇష్టాన్నో ఊహించి మిగతా లోకాన్ని మూసేసే సైట్లు చాలా ఉన్నాయి, ఇది అలా కాకూడదు. పట్టిక కింద "నా ఎంపిక తీసెయ్యి" అని ఒక లింకు కూడా పెట్టాను. ఒక్క నొక్కుతో కుకీ పోతుంది.

ఫిబ్రవరి చివర: ఫోన్ నంబరు గొడవ

బాబాయ్ గారు మళ్లీ ఆ మాట తీశారు. "అంతా బాగుంది గానీ నంబరు ఒక్కటి అడిగితే పోయేదేముందమ్మాయ్? రేటు పెరిగినప్పుడు మనవాళ్లు ఫోన్ చేసి చెప్తారుగా."

ఆయన ఉద్దేశం మంచిదే. కానీ నంబరు పక్కన రకం, రకం పక్కన బస్తాల లెక్క చేరితే అది ఇక సర్వే కాదు, ఎవరి దగ్గర ఎంత సరుకుందో చెప్పే పట్టిక. పాత సర్వేలో ఆ లెక్కలన్నీ కొట్టు దగ్గర కూడా లేవు, ఆ టూల్ వాళ్ల సర్వర్లో ఉన్నాయి. ఆ సంగతే చెప్పి అడిగాను: "ఎవరికి ఎంత సరుకుందో, ఎవరికి డబ్బు అర్జెంటో కొనేవాళ్లకి ముందే తెలిస్తే బేరం ఎటు మొగ్గుతుందో నాకన్నా మీకు బాగా తెలుసు బాబాయ్ గారూ. మీరు రైతు తరఫున అమ్మిపెట్టేవాళ్లు కదా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చట్టం ఏమంటుందని అడిగారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతికి సంబంధించిన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. సమ్మతి అంటే మనిషి తనంతట తాను, దేనికోసమో తెలుసుకుని, స్పష్టంగా ఇచ్చేది. ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంతే తేలికగా ఉండాలి. నోటీసు ఇంగ్లీషులోనే కాక, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఆయన కోరుకున్నదాంట్లో చదువుకునే వీలుండాలి, వాటిలో తెలుగూ ఉంది. యూరప్‌లో ఈ విషయం ఎంత దూరం వెళ్లిందో కూడా చెప్పాను. కుకీలు ఒప్పుకోవడం ఒక్క నొక్కుతో అయిపోతూ, వద్దనడానికి మాత్రం చాలా మెట్లు దిగాల్సి వస్తోందని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. 2022 జనవరిలో ఆ సంగతి బయటికొచ్చింది.

జరిమానా లెక్కల కన్నా బేరం మాటే ఆయనకి ఎక్కువ తగిలిందనుకుంటాను. "వద్దులే. కొట్టు నంబరు పైన ఉందిగా, కావాల్సినవాళ్లు వాళ్లే చేస్తారు" అన్నారు. పాత సర్వే ఖాతాలోని జవాబులన్నీ చెరిపించి, ఖాతా కూడా మూయించేశాం.

మార్చి: లెక్క ఎలా, ఏం తెలిసింది

బాబాయ్ గారికి కావాల్సిన మొత్తం లెక్క ఇవ్వడానికి మనుషుల వివరాలేవీ అక్కర్లేదు. ఎవరైనా ఒక రకం నొక్కితే ఆ వారం ఆ రకం పక్కనున్న అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. ఇక్కడొక జాగ్రత్త ఉంది. జవాబుని లింకు చివర తగిలించి పంపితే, మన సర్వర్ని నడిపే ఎంజిన్‌ఎక్స్ వచ్చిన ప్రతి అభ్యర్థనకీ చిట్టాగా మామూలుగా రాసే లాగ్‌లో చూసేవాడి నెట్ కనెక్షన్ గుర్తయిన ఐపీ చిరునామా పక్కనే అది అచ్చయిపోతుంది. మనం వద్దనుకున్న జత మనకి తెలియకుండానే తయారవుతుంది. అందుకని లింకులో కాకుండా లోపల పెట్టి పంపే పోస్ట్ పద్ధతిలో పంపుతున్నాను, జవాబు లాగ్‌లోకి ఎక్కదు.

ఈ అంకెలు రైతుల లెక్క కాదని బాబాయ్ గారికి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇవి బ్రౌజర్ల లెక్క కూడా సరిగ్గా కాదు. ఫేస్‌బుక్‌లోంచి లింకు నొక్కి వచ్చినవాడు ఆ యాప్ లోపలి బ్రౌజర్లో ఉంటాడు, దాని కుకీలు వేరు, క్రోమ్‌వి వేరు. ఒకే మనిషి రెండుసార్లు లెక్కలోకొస్తాడు. ముగ్గురు చూసిన ఫోను ఒకటిగానే పడుతుంది. పైగా జవాబిచ్చేది తీరిగ్గా కిందదాకా చదివినవాళ్లు. బస్తాలు దించుకుంటూ గబగబా రేటు చూసి వెళ్లిపోయినవాళ్లు ఇందులో లేరు. కాబట్టి దీన్ని చూసి సరుకు మీద అంచనా వెయ్యకూడదు. పేజీలో ఏం పెట్టాలో, ఏది పైన ఉండాలో తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

తేజ అన్నవాళ్లే ఎక్కువ. అది యార్డులో ఎవర్నడిగినా చెప్తారు. నన్ను ఆలోచనలో పడేసింది "వేరే రకం". అనుకున్నదానికన్నా ఎక్కువమంది దాన్ని నొక్కుతున్నారు. ఆ వేరే రకం ఏమిటో రాయమని గడి పెడదామని మొదట అనిపించింది. కానీ యార్డులో నిలబడి ఎవరూ టైపు చెయ్యరు. గుమాస్తా గారిని అడిగితే నవ్వి, "తాలు రేటు పెట్టావా అమ్మా?" అన్నారు. పెట్టలేదు, పాత సైటులోనూ లేదు. రంగు పోయి తెల్లబడిన కాయ ప్రతి రైతు దగ్గరా ఎంతో కొంత ఉంటుంది, దాని ధర మంచి కాయ ధరకి దరిదాపుల్లో ఉండదు. దాన్ని విడిగా అమ్మాలా, ఆగాలా అన్నది వాళ్లకి నిజమైన టెన్షన్. తాలు రేటు పట్టికలోకి, బటన్లలోకి వచ్చింది. మరుసటి వారం "వేరే రకం" నొక్కేవాళ్లు బాగా తగ్గారు.

మార్చి చివర: మిగిలిన పనులు

తాలుకి 7 ఇచ్చాను. గుమాస్తా గారి అబ్బాయికి ఒక నియమం రాసిచ్చాను: ఏదైనా రకం పట్టికలోంచి తీసేస్తే దాని అంకెని ఇంకో రకానికి ఇవ్వకూడదు. 5 అన్న పాత కుకీ ఎవరి ఫోనులోనో 180 రోజులు బతికే ఉంటుంది, వాళ్లు నొక్కని రకం వాళ్లకి మొదట కనపడకూడదు.

ఎండాకాలంలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు ఎక్కువమంది వెతికేది ఏసీ కాయ రేటు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుది. అప్పుడు రెండో ప్రశ్న అడగొచ్చా అని బాబాయ్ గారు అడిగారు. జవాబుని బట్టి పేజీలో మారేది ఉంది కాబట్టి అడగొచ్చన్నాను. యార్డు కాయా, ఏసీ కాయా, వద్దు: మూడు బటన్లు. దాని పని ఏప్రిల్లో మొదలుపెడతాను.